పంపుద్దంట

ఫ్యాను తిరగడం లేదు. పదిన్నరకు పోయిన కరెంటు పన్నెండుకు వస్తుందని అటెండరు దేవదాసు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. మండలం ఆఫీసు వరండాలో నాపరాయి అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం, నేను, మా అన్న ఇన్నయ్య, మా ఇద్దరి మధ్య మా అక్క హన్నమ్మ. రాయి కింద ఎవరో పొయ్యి ముట్టించినట్టుంది. అక్క మాత్రం నీడపట్టున కూర్చున్నట్టే కూర్చుంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురు గోడ మీది కుటుంబ నియంత్రణ బొమ్మను చూస్తూ. లోపలున్న ఆఫీసరు ఆమెను పిలిచి నాలుగు మాటలు అడిగి, ఈమెకు ఆస్తి లేదు, ఆదాయం లేదు, జర్మనీలో నర్సుగా ఉన్న చెల్లెలు లూర్దమ్మ పంపే డబ్బే ఆధారం అని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ కాగితం నేను పట్టుకుపోయి అక్కడి పన్ను ఆఫీసుకు ఇస్తే, నా జీతంలోంచి ఏడాదంతా పట్టుకున్న పన్నులో కొంత వెనక్కి వచ్చి నా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇదీ పని. ఐదేళ్ళుగా జరుగుతున్న పనే. ఇంతకుముందు కాగితం పోస్టులో వచ్చేది, మడత నలగకుండా, గుండ్రటి సీలుతో. ఈ ఏడు అక్కడివాళ్ళు కొత్త ఫారం ఇచ్చి, అధికారి మనిషిని ఎదురుగా పిలిచి విచారించి రాయాలన్నారు. నేను సెలవు మీద వచ్చాను గనక నాతోనే తెచ్చుకున్నాను. ఆ కాగితం ఎలా తయారవుతుందో చూడటం ఇదే మొదటిసారి.

గోడ వార ఎవరో ఉచ్చ పోసి పోయారు. అది ఎండకు ఆరి, దాని మీద ఇంకొకరు పోసి, గాలి అన్నది లేకపోయినా ఆ వాసన వచ్చి ముక్కులో కూర్చుంటోంది. స్తంభం మొదట్లో వక్కాకు ఉమ్మి. పక్క అరుగు మీద ఒక పెద్దాయన కాలి పుండు మీద ఈగల్ని కూడా తోలుకోకుండా నిద్రపోతున్నాడు. పుండు అంచు నల్లబడింది, చక్కెర జబ్బు, ఇంకో నెలకు వేళ్ళు పోతాయి, నాకు తెలుసు, నేను లేచి వెళ్ళి ఆ మాట చెప్పను. పదహారేళ్ళుగా ముసలి జర్మన్ల పక్కగుడ్డలు మారుస్తున్నదాన్ని. మలం, చీము, వాంతి, ఏదీ నన్నేమీ చేయలేదు, చేతికి రబ్బరు తొడుగు ఉంటే చాలు. ఇక్కడ తొడుగు లేదు. ఇది నేను పుట్టిన నేల ఉమ్మి, నా వాళ్ళ చెమట. దీన్ని చూసి ముక్కు చిట్లించే నా ముఖం నాకే కనిపిస్తున్నట్టుంది, దొరసాని ముఖం, అది కూడా రోతగానే ఉంది. అన్న చొక్కాలోంచి పురుగుమందు వాసన. ఆ మందుల కొట్టు పెట్టి ఆరేళ్ళయింది, ఎంత ఉతికినా ఆ వాసన పోదని వదిన గ్రేసమ్మ నవ్వుతూ చెప్పింది, అదేదో అత్తరు సంగతి చెప్పినట్టు. అన్న అక్క చెవి దగ్గరికి వంగుతున్నాడు.

“అక్కా, మళ్ళీ చెబుతున్నా ఇను. పొలం లేదు, ఇల్లు లేదు, ఒంట్లో బాగుండదు, పనికి పోలేను. చెల్లెలు డబ్బులు పంపుద్ది. అంతే. ఇంకేం మాట్టాడమాక.”

“సరే,” అంది అక్క. పొద్దున్నించీ ఇది ఐదోసారి.

పొద్దున టీ దగ్గరే నాకు మొదటి వెగటు పుట్టింది. “అక్క ఎందుకులే అమ్మాయ్, ఇంత ఎండలో. కొట్టుకాడ ఊడ్చే ముసల్దాన్ని తీసుకపోదాం. వేలిముద్రేగా! హన్నమ్మ ఎవరో ఆ ఆఫీసరుకేం తెలుసు?” అన్నాడు అన్న. నేను కప్పు కింద పెట్టేశాను. అబద్ధం కాగితం ఒక ఎత్తు, దానికోసం మనిషినే మార్చడం ఇంకో ఎత్తు. అక్కే రావాలన్నాను. అక్కే వచ్చింది, కానీ వేషం తప్పలేదు. వెలిసిపోయి ఏ రంగో తెలియని చీర, మోకాలి దగ్గర వేరే గుడ్డతో మాసిక, జాకెట్టుకు హుక్కుల బదులు పిన్నీసులు, చెవులకు చీపురు పుల్లలు. పేదరాలి వేషం ఎంత బాగా కట్టించారు అనుకుని నేను వదిన వంక చూస్తే, వదిన తల తిప్పుకుంది. సిగ్గుపడింది అనుకున్నాను. బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని, వేడిగాలి ముఖాన కొడుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూనే ఉంది. ఆమె పక్కన నేను, నా జరీ అంచు చీరలో, చేతిలో తోలు సంచీతో, లోపల కాచి చల్లార్చిన నీళ్ళ సీసాతో. కండక్టరు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, నా టిక్కెట్టు నాకిచ్చి, అక్కను “నువ్వెక్కడికే?” అన్నాడు. ఆమె టిక్కెట్టు కూడా నేనే తీసుకున్నానని చెప్పడానికి నాకు క్షణం పట్టింది. ఆ క్షణం నేను ఏం చేశాను? ఏమీ చేయలేదు. మేమిద్దరం ఒకటి కాదని అతను అనుకుంటే అనుకోనిచ్చాను.

ఈ డబ్బు సంగతి నాకు నేర్పింది త్రేసియమ్మ. కొట్టాయం మనిషి, మా వార్డులోనే పని, నాలాగే పద్దెనిమిదేళ్ళకు కాన్వెంటు సిస్టర్ల వెంట విమానం ఎక్కి వచ్చింది. ఊళ్ళో ఉన్న అమ్మనూ అమ్మమ్మనూ ఫారంలో చూపించి ఏటా పన్ను వెనక్కి తెచ్చుకునేది. ఒకరోజు క్యాంటీనులో తన ఫారం నింపుతూ “నీకు పోషించడానికి ఎవరూ లేరా?” అని అడిగింది. అప్పుడు నాకు అక్క గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ ఏడాదంతటిలో నాకు అక్క గట్టిగా గుర్తొచ్చింది ఆ ఒక్కసారే, ఫారంలో ఒక గడి ఖాళీగా కనిపించినప్పుడు. అన్నకు ఉత్తరం రాశాను, అక్క పేదరాలని కాగితం పంపమని. అక్క నిజంగా పేదరాలని నేను అనుకోలేదు. నెల నెలా నేను పంపుతున్నానుగా. అప్పటికే ఆరేళ్ళుగా మాచర్ల బ్యాంకులో అన్న ఖాతాకు పంపుతున్నాను, సగం నీకు, సగం అక్కకు అని మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆ సగంతో పల్లెటూళ్ళో మనిషి దర్జాగా బతకొచ్చు. అక్కకు ఖాతా లేదు, సంతకం రాదు, అన్నకు పంపడం తేలిక. కాగితం చిన్న అబద్ధం, ఎవరికీ నొప్పి లేని అబద్ధం అనుకున్నాను. అన్న కాగితం పంపాడు. నేను అన్నకు టేపు రికార్డరు పంపాను. మరుసటి ఏడు వాచీ.

ఆ డబ్బు వచ్చిన తీరు నాకెంత నచ్చిందో. ఎవరూ తెచ్చి ఇవ్వలేదు. తలుపు తట్టలేదు, సంతకం పెట్టించుకోలేదు, చేతిలో పెట్టి ముఖంలోకి చూడలేదు. నవంబరులో ఒక సాయంత్రం డ్యూటీ దిగి, మంచు వానలో బ్యాంకుకు వెళ్ళి నెల స్లిప్పు తీసుకుంటే, జీతం వరస కింద ఇంకో వరస ఉంది, పన్ను ఆఫీసు నుంచి, ఆరు వందల నలభై జర్మన్ మార్కులు. మనిషి చేయి తగలని డబ్బు ఎంత శుభ్రంగా ఉంటుంది! మా ఊళ్ళో డబ్బంటే రొంటిన దోపుకున్న మడత, చెమట తడి, మిరపకాయ ఘాటు. ఇది వట్టి అంకె. ఆ అంకెతో కోటు కొనుక్కున్నాను, ముదురు ఆకుపచ్చ ఉన్ని కోటు, లోపల పట్టులా జారే గుడ్డ. అద్దంలో చూసుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. రెండో ఏడు పొడుగు బూట్లు. మూడో ఏడు ఇటలీకి బస్సు యాత్ర, ఎనిమిది రోజులు సముద్రం ఒడ్డున పడుకున్నాను. నాలుగో ఏడూ, ఐదో ఏడూ ఏం చేశానో గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఇప్పుడు ఎక్కువ వెగటుగా ఉంది.

దేవదాసు కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అక్క గ్లాసు పైకెత్తి పెదవికి తగలకుండా గటగట తాగింది, ఇంకో గ్లాసు అడిగి అదీ తాగింది. ఆ గ్లాసు పట్టుకున్న వేళ్ళు. గోళ్ళు మధ్యలో గుంటపడి, అంచులు చెంచాల్లా పైకి లేచి ఉన్నాయి. నేను దిగిన రోజే చూశాను. ఏళ్ళ తరబడి ఒంట్లో నెత్తురు చాలకపోతే గోళ్ళు అలా అవుతాయి, మా పాఠంలో బొమ్మ వేసి చూపించారు. కంటి కింద రెప్ప లాగి చూడనక్కరలేదు. మా వార్డులో అయితే చార్టులో రాసి డాక్టరును పిలిచేదాన్ని. ఇక్కడ ఏం చేశాను? మాచర్ల వెళ్ళినప్పుడు టానిక్ సీసా కొనాలి అనుకున్నాను. ఐదు రోజులయింది. కొనలేదు.

ఆ వేళ్ళే నాకు తల దువ్వినవి. నన్ను కని అమ్మ పోయేసరికి అక్కకు పదకొండేళ్ళు. మిరపకల్లంలో తొడిమలు తీసి వచ్చి, ఎన్నిసార్లు కడిగినా వదలని ఆ ఘాటు చేతులతో ముఖం కడిగితే కళ్ళు మండి కేకలు పెట్టేదాన్నట. తర్వాత పక్కింటి హజ్రా బీని పిలిచేది. “నా చేతులు పనికిరావు పిన్నీ, దీని మొహం నువ్వు కడుగు” అనేది. హజ్రా బీ భర్త పరుపులు కుట్టేవాడు, ఆమె కొంగు నిండా దూది పీచు, ఆమె చేతులు మెత్తగా ఉండేవి. నాకు ముఖం కడిగేది ఆమె, నా ముఖం కోసం పనికి పోయేది అక్క. పెళ్ళయిన మూడో ఏడు అక్క మొగుడు బెల్లంకొండ వైపు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. అక్క తిరిగి వచ్చి మళ్ళీ అదే కల్లంలో కూర్చుంది. రెంటచింతల సిస్టర్లు నన్ను నర్సు చదువుకు జర్మనీ తీసుకుపోతామంటే నాన్న ఒప్పుకోలేదు. “దాన్ని పోనీ నాన్నా. ఇక్కడుంటే నాలాగా అవుద్ది” అంది అక్క. అంతకన్నా పెద్ద మాట ఆమె నాకోసం ఎప్పుడూ మాట్లాడలేదు. అవసరం రాలేదు. బస్సు దగ్గర రొంటిలోంచి ఏడు రూపాయలు తీసి నా చేతిలో పెట్టింది. ఆ నోట్ల ఘాటుకు నేను బస్సులో తుమ్ముతూ కూర్చున్నాను, పక్కనున్న సిస్టరు నాకు జలుబు అనుకుంది.

ఐదేళ్ళ కింద వచ్చినప్పుడు పది రోజులే ఉన్నాను. అప్పుడు అక్క కొత్త చీర కట్టుకుని నా పక్కనే కూర్చుని తిన్నది. ఈసారి చెప్పిన తేదీకి వారం ముందే టిక్కెట్టు దొరికి వచ్చేశాను. నేను రిక్షా దిగేసరికి అక్క కల్లం నుంచి వస్తూ ఎదురైంది, ముఖం చుట్టూ గుడ్డ కట్టుకుని, కళ్ళు మాత్రమే కనిపిస్తూ. గుర్తుపట్టలేదు నేను. ఆమె గుర్తుపట్టి గుడ్డ విప్పింది. అన్న డాబా చూపించాడు, నా డబ్బుతోనే లేచిందని తనే గొప్పగా చెప్పాడు, ఇది నీ గది అని ఫ్యాను వేసి చూపించాడు. అక్క ఉండేది వెనక రేకుల పంచలో. ఎందుకంటే, “ఆమెకు గాలి తగలాలి అమ్మాయ్, గదిలో నిద్ర పట్టదు” అంది వదిన. ఈ వయసులో కూలి ఏమిటంటే, “కూర్చోమంటే కూర్చోదు, చెయ్యి ఆడకపోతే పిచ్చెక్కుద్ది ఆమెకి.” మాతో అన్నానికి రాదేమంటే, “బుధవారం ఒక్కపొద్దు, శుక్రవారం ఒక్కపొద్దు, ఆమె భక్తి ఆమెది.” ప్రతిదానికీ జవాబు సిద్ధంగా ఉంది, అన్నంతోపాటు వడ్డించారు, నేను తిన్నాను. నమ్మాను అనడం కూడా తప్పే. నమ్మితే నేను చేయవలసింది ఏమీ ఉండదు, అందుకని నమ్మాను. నా కంచంలో ఐదు రోజులుగా కోడికూర.

“హన్నమ్మ ఎవరు? లోపలికి,” అన్నాడు దేవదాసు తలుపు దగ్గర నిలబడి.

ముగ్గురం లేచాం. గదిలో ఆఫీసరు అమరేశ్వరరావు మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు చెమటకు జారుతుంటే వేలితో పైకి తోసుకుంటున్నాడు. ఫారం ఇంగ్లీషు వైపు తిప్పి మెల్లగా చదివాడు. “జర్మనీలో కూడా ఇన్ని కాగితాలు అడుగుతారామ్మా? ఈ జబ్బు మనకొక్కరికే అనుకున్నా,” అని నా వంక చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. పనవుతుంది అనుకున్నాను.

“నీ పేరేందమ్మా?”

“హన్నమ్మండి,” అన్నాడు అన్న.

“పొలం ఏమన్నా ఉందా?”

“సెంటు భూమి లేదు సార్,” అన్నాడు అన్న.

“పనికి పోతావా?”

“యాడ పోద్ది సార్, ఒంట్లో బాగుండదు, మంచం మీదే...”

ఆఫీసరు కలం కింద పెట్టాడు. “నువ్వు బయట కూర్చో నాయనా. నేను అడిగేది ఆమెను.”

అన్న నా వంక చూశాడు, చెప్పు అన్నట్టు. నేను చెప్పలేదు. అతను బయటికి పోతుంటే గుమ్మానికి కట్టిన వెదురు పుల్లల తెర పక్కకు జరిగి మళ్ళీ పడింది. తెర వెనక అతని చెప్పులు మాత్రం కదలకుండా కనిపిస్తున్నాయి.

“ఇప్పుడు చెప్పమ్మా. పనికి పోతావా?”

అక్క ఆ చెప్పుల వంక చూసింది. తర్వాత ఆఫీసరు వంక. “పోతానండి. మిరపకాయలకి. అవి లేనప్పుడు రాళ్ళు మొయ్యటానికి.”

“ఒంట్లో బాగుండదన్నాడుగా?”

“బాగుండదండి. పోకపోతే ఎట్టా?”

“మరి తిండి?”

“కల్లంకాడ మధ్యాన్నం పెడతారండి. రాత్రికి బియ్యముంటే కాసుకుంటా. లేకపోతే హజ్రా బీ పిన్ని పిలుద్ది. ఆమెకీ అంతంతమాత్రమే, అయినా పిలుద్ది.”

ఎంత బాగా చెబుతోంది అనుకున్నాను నేను. అన్న నేర్పినదానికన్నా ఎంత బాగా. ఆ ఆలోచన నాకు వచ్చింది, మొదలూ చివరా ఉన్న పూర్తి ఆలోచనగా వచ్చింది, అది రాలేదని ఇప్పుడు నేను అనలేను. హజ్రా బీ పేరు పెట్టడం కూడా బాగుంది, నిజంలా ఉంటుంది, అనుకున్నాను. అప్పుడు ఆమె గొంతు విన్నాను. నేర్చుకున్న మాట అప్పజెప్పేవాళ్ళకు గొంతు కొంచెం లేస్తుంది. అక్క గొంతు లేవలేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెబుతోంది. చీర మీది మాసిక కుట్లు నా కంటికి అంత దగ్గరగా ఉన్నాయి, పాత కుట్లు, దారం కూడా గుడ్డతోపాటు వెలిసిపోయిన కుట్లు. నిన్న రాత్రి కుట్టినవి కావు. వేషం కోసం ఎవరూ చీర వెలిసిపోనివ్వరు. వదిన పొద్దున తల తిప్పుకున్నది సిగ్గుతో అనుకున్నానే, అది సిగ్గు కాదు, ఎక్కడ బయటపడుతుందోనన్న భయం.

“నీ తమ్ముడు చూసుకోడా?”

“వాడి సంసారం వాడిదండి.”

“సరే.” ఆఫీసరు ఫారం మీద వేలు కిందికి జరిపాడు. “ఈ అమ్మాయి, నీ చెల్లెలు, నీకు డబ్బు పంపుద్దా?”

అక్క నా వంక తిరిగింది. అన్న నేర్పిన పాఠంలో చివరి మాట ఇదే, గుర్తు తెచ్చుకుంటోంది. నాకు సాయం చేయాలని ఆమె ముఖమంతా తాపత్రయం. పొద్దున్నించీ ఆమె ముఖంలో ఏదైనా కదలడం నేను చూసింది అప్పుడే.

“పంపుద్దంటండి,” అంది.

ఆఫీసరు కలం ఆగిపోయింది. “పంపుద్దంట ఏందమ్మా? నీకు ముట్టిద్దా, ముట్టదా?”

అక్కకు భయం వేసింది. తప్పు చెప్పానని తెలిసింది, ఏది తప్పో తెలియలేదు. “ఆ పిల్ల అబద్ధమాడదండి,” అంది గబగబా. “పంపుతున్నానంటే పంపుతున్నట్టే.”

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. ఫ్యాను కీచుమని తిరిగి బల్ల మీది కాగితాలు లేచాయి, ఆఫీసరు రెండు చేతులతో వాటిని అదిమిపెట్టాడు, నా మెడ మీద చెమట చల్లబడింది. పదకొండేళ్ళు. ఒక్క రూపాయి. ఆమె చేతికి ఒక్క రూపాయి రాలేదు. ఆమె పేదరికం అబద్ధమని నేను అనుకున్నాను, అది ఒక్కటే నిజం, మిగిలిందంతా అబద్ధం. ఐదు కాగితాలూ నిజమే చెప్పాయి. చెల్లెలు పంపే డబ్బే ఆధారం అన్న ఒక్క వాక్యం తప్ప. అన్న ఆమె నోటి దగ్గరది తిన్నాడు. మరి నేను? ఆమె ఆకలిని కాగితం మీద రాయించి, సీలు వేయించి, విమానంలో తెప్పించుకుని అమ్ముకున్నాను. ఆమె రాత్రి బియ్యం లేక పక్కింటి పిలుపు కోసం చూసిన ఏడాదే నేను అద్దం ముందు కోటు తొడుక్కుని నవ్వుకున్నాను. శుభ్రమైన డబ్బు అన్నానే, ఎవరి చేయీ తగల్లేదన్నానే. అన్న దొంగతనంలో కనీసం భయం ఉంది, వేరే ముసలామెను తీసుకుపోదామన్నాడు. నాకు ఆ భయం కూడా లేదు. ఆమె గోళ్ళు చూసి కూడా అనుమానం రాలేదు. వచ్చింది. రానీయలేదు.

“చూడమ్మా,” అంటున్నాడు ఆఫీసరు నాతో, గొంతు తగ్గించి. “ఈమె పేదదని నేను కళ్ళు మూసుకుని రాస్తా. మనిషిని చూస్తేనే తెలుస్తోంది. కానీ ఈ కింద, నువ్వు పంపే డబ్బు ఈమెకు అందుతోందని కూడా నన్ను రాయమంటున్నారు. ఆమె అందిందనలేదు. నువ్వు చెప్పు. రాయనా?”

నా సంచీలో బ్యాంకు రసీదులున్నాయి, పంపిన ప్రతి నెలవీ. బల్ల మీద పరిస్తే చాలు. అందుతోందండి, చదువు లేదు గనక ఆమెకు తెలియడం లేదు, ఇంట్లో ఖర్చయిపోతుంది అంటే చాలు. ఈయన మంచివాడు, సంతకం పెట్టేస్తాడు. ఈ ఏడు జీతం పెరిగింది గనక ఎనిమిది వందల దాకా రావచ్చు. ఆ అంకె వచ్చింది. అక్క అక్కడ నిలబడి కొంగు మెలిపెడుతుంటే, నా తలలోకి ఆ అంకె రానే వచ్చింది, పిలవకుండా, అలవాటుపడ్డ కుక్కలా. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

“రాయొద్దండి,” అన్నాను.

“మరి కాగితం పనికిరాదుగా?”

“పనికిరాదండి.”

ఆయన కలం మూత పెట్టాడు. ఫారం మడిచి నాకే ఇచ్చేశాడు. పాతవి ఏం చేయాలో ఆయనను అడగాలనిపించింది, ఆయనకేం తెలుసు? అక్కడికి వెళ్ళి పన్ను ఆఫీసుకు నేనే రాయాలి, తిరిగి కట్టమంటే కట్టాలి. అదేమీ పుణ్యం కాదు.

బయట అన్న ఎదురొచ్చాడు. “అయిందా? సీలేశాడా?”

“పదకొండేళ్ళు అన్నా,” అన్నాను.

అతనికి వెంటనే అర్థమైంది. అర్థం కావడానికి ఒక్క క్షణం కూడా పట్టకపోవడం చూశాను. “ఏం వాగిందది లోపల? దానికి తెలివి యాడుంది? తిండి పెట్టలేదా, పంచ ఇవ్వలేదా? డాబా ఎవరికోసం కట్టా? రేపు నువ్వొస్తే ఉండటానికేగా!” పెదవుల మూలల్లో నురగ, పురుగుమందు వాసన, నా డబ్బుతో కట్టించుకున్న బంగారు పన్ను. “రోడ్డు మీద పరువు తియ్యమాక అమ్మాయ్.”

“అక్క డబ్బు తిన్నావు.”

“నువ్వు తినలేదా?” అన్నాడు. అరవలేదు, మెల్లగానే అన్నాడు. “దాని పేరు మీద కాగితాలు పంపమని ఏటేటా ఉత్తరాలు రాసింది ఎవరు? నేనా?”

వరండాలో జనం మమ్మల్నే చూస్తున్నారు. ఇన్ని రోజుల్లో అతను చెప్పిన మొదటి నిజం అదే. “నువ్వు బస్సెక్కి పో,” అన్నాను. రుమాలుతో మెడ తుడుచుకుని, బస్టాండు వైపు నడిచిపోయాడు. అక్క అతను వెళ్ళినవైపే చూస్తూ, “నేను తప్పు చెప్పానా? నీ పని చెడిందా?” అంది.

“లేదక్కా. అన్నం తిందాం రా.”

రోడ్డుకు అవతల భోజనం హోటలు. గడప దగ్గర అక్క ఆగిపోయింది, చీర చూసుకుంది. నేను చేయి పట్టి లోపలికి తీసుకుపోయాను, కండక్టరు లాంటివాళ్ళు చూస్తే చూడనీ అనుకుని. ఆకులు వేశారు. అన్నం, పప్పు, గోంగూర, చారు. అక్క తల వంచింది. ఆకలి మనుషులు ఎలా తింటారో నేను ఆసుపత్రిలో చూశాను, అక్కా అలాగే తింది, ఎడమ చేయి ఆకు చుట్టూ అడ్డం పెట్టి, నమలడం పూర్తికాకముందే ఇంకో ముద్ద కలుపుతూ, ఎవరి ముఖమూ చూడకుండా. నేను ఒక్క మెతుకు ముట్టలేదు. రెండోసారి అన్నం పెట్టించుకునేదాకా ఆగి, అప్పుడు చెప్పాను.

“అక్కా, పదకొండేళ్ళుగా పంపుతున్నా. సగం నీకని రాశా.”

ముద్ద నోటి దగ్గర ఆగింది. ఆగి, లోపలికి పోయింది. నమిలి మింగింది.

“ఎవరికి రాశావు?”

“అన్నకి.”

“వాడికి రాశావు. నాకు రాయలేదుగా?” కోపం లేదు, అడుగుతోంది. “నాకు చదువు రాదు. హజ్రా బీ పిన్ని మనవరాలు కుల్సుం బడికి పోతందిగా, చదివించుకునేదాన్ని. బాగున్నావా అక్కా అని రెండు ముక్కలు రాస్తే, నా సంగతి నేను చెప్పకపోదునా?”

ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. నోట్లో ఉప్పునీళ్ళు ఊరాయి, వాంతికి ముందు ఊరేవి. మింగాను.

“రేపు మాచర్ల పోదాం. బ్యాంకులో నీ పేరున ఖాతా తెరుద్దాం. వేలిముద్ర చాలు. డాక్టరుకు కూడా చూపించుకుందువు గానీ.”

“రేపు కల్లం ఉంది. వస్తానని చెప్పా. ఎల్లుండి పోదాం,” అంది. చారు పోయించుకుంది. తిని, ఆకు మడవబోయి, నా ఆకు వంక చూసింది. అన్నం మీద పప్పు పొర కట్టి ఉంది.

“నువ్వు తినవా?”

“నా వల్ల కాదక్కా.”

ఆమె నన్ను కాసేపు చూసింది. బతిమాలుతుందేమో, చిన్నప్పటిలా ముద్ద కలిపి నోటికి అందిస్తుందేమో అని ఎదురుచూశాను.

“అయితే ఇటియ్యి,” అని, నా ఆకు తన ముందుకు లాక్కుంది.